గంజిలో రాని ఊదారంగు

మొన్న కూర తరుగుతూ వేలు కోసుకుంటే కోడలు అయోడిన్ పూసింది. ఆ ఘాటు వాసన తగలగానే ఇంటర్మీడియట్ ల్యాబూ, తెల్లకోటు మీద మరకలతో ఖదీజా మేడమూ కళ్ళ ముందుకొచ్చారు. డెబ్బైల చివర్లో మాకు జీవశాస్త్రం చెప్పిన మనిషి. విశాఖ పాత ఊళ్ళో బట్టల కొట్టువారి ఆడపడుచు. ప్రాణమున్న దేన్ని విప్పి చూసినా పిండిపదార్థం, మాంసకృత్తులు, కొవ్వు, న్యూక్లిక్ ఆమ్లాలు, ఈ నాలుగు రకాల అణువులే ముఖ్యమనేది. "నమ్మకండి, చూడండి" అనడం ఆవిడ ఊతపదం.

ఒకసారి ఎవరింటి తిండి వాళ్ళని సీసాలో తెమ్మంది. నేను గంజి తీసుకెళ్ళాను. అయోడిన్ చుక్క వేస్తే నీలినలుపుకి తిరిగింది, అంటే పిండి ఉంది. కాస్టిక్ సోడా, మైలుతుత్తం నీళ్ళు కలిపితే మాత్రం మాంసకృత్తులకు రావలసిన ఊదారంగు రాలేదు.

"హార్బరు పిల్లవి, చేప తేకుండా గంజేమిటే?"

"తమ్ముడు తాగేది అదేనండి. అమ్మోరు పోసి తగ్గింది గానీ, మొక్కు తీరేదాకా నీసు పెట్టకూడదంతంది నాయనమ్మ. కాళ్ళు వాసిపోయాయండి."

ఆవిడ మొహంలో నవ్వు మాయమైంది. ఆ సాయంత్రమే గాజుగొట్టాల సంచీతో మా ఇంటికొచ్చింది. మూలుగు కూడా మానేసిన తమ్ముడి కాలి మీద వేలితో నొక్కితే, పడిన గుంట అలాగే ఉండిపోయింది. గుడ్లూ చేపలూ పెట్టకపోతే పిల్లాడు దక్కడని డాక్టరు అప్పటికే కేకలేశాడు. నాయనమ్మ వింటేనా!

"ఏటమ్మా, ఈ రంగునీలు తాగితే మంచం మీంచి నెగుత్తాడేటి నా మనవడు?" అంది ఎకసెక్కంగా.

"తాగడానికి కాదమ్మా, చూడ్డానికి. గంజి మీ మరబోటుకి డీజిల్ లాంటిది. బోటుకి చిల్లు పడితే డీజిల్ పోస్తారా?"

"సెక్కెయ్యాల గానీ డీజిలేటి!"

"ఆ చెక్కే గంజిలో లేదు. పోనీ, అమ్మవారికి ఏం పెడతారు మీరు?"

"సలివిడి, వడపప్పు. సల్లగుంటాదని."

"పెసరపప్పేగా? కాస్త తెండి."

ఉడికించి, తేరిన కట్టులో ల్యాబులో వాడిన ఆ సోడా, మైలుతుత్తం నీళ్ళే కలిపింది. మెల్లగా ఊదారంగు తేలింది. "ఇదేనమ్మా ఆ చెక్క" అంది. నాయనమ్మ గొట్టాన్ని దీపం దగ్గర తిప్పి తిప్పి చూసింది. "అమ్మోరు తిన్నదే కదేటి, బిడ్డకి పెడితే కోపమెందుకు సేత్తాది" అని తనే ముద్ద మెదిపింది.

అంత చదువుకున్న మనిషి మా నాయనమ్మని ఒక్క మాట తూలనాడలేదు. నాకు ఈనాటికీ అబ్బురమే. మర్నాడు మేడమే తమ్ముణ్ణి ఆసుపత్రికి కూడా తీసుకెళ్ళింది. ఇంకా చాలదంటూ రోజూ పప్పు, వేరుశెనగలు పెట్టించేది. వాపు తగ్గిన కొన్నాళ్ళకి, గిన్నె ఖాళీ అయిందని వాడు ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు. "ఓలమ్మో, ఏడుత్తన్నాడే నా తండ్రి!" అని నాయనమ్మ వీధంతా పిలిచి చూపించింది.

నేనూ టీచరునే అయ్యాను. ఏ తల్లయినా ఇది మాకు కూడదంటే వాదించను. మరి ఏది కూడుతుందమ్మా అని అడుగుతాను. ఆ ప్రశ్న మేడమ్ ఇచ్చిందే. నా తమ్ముణ్ణీ ఆవిడే ఇచ్చింది.