పుత్తూరు కట్టు

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది చిత్తూరు చర్చిలో పెద్ద పిల్లలకు ఆదివారం బైబిలు పాఠం చెప్పేదాన్ని. ఒకసారి పద్నాలుగేళ్ల పిల్ల లేచి అడిగింది.

"టీచరమ్మా, మా నాయన చెయ్యి ఇరిగితే ఎంత ప్రార్థన చేసినా నయం కాలే. పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకుంటే అతుక్కునింది. ఆ కట్టేటాయన అమ్మవారికి మొక్కుతాడు. మరి నయం చేసింది ఎవురు?"

నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నామోషీ. "విశ్వాసం లేనోళ్లే ఇట్లా అడుగుతారు" అని కసిరి, పాఠం అయ్యేదాకా నిలబెట్టాను.

మరుసటి ఏడు నా మణికట్టు విరిగింది. ప్రార్థన చేసుకుంటూనే పుత్తూరు బస్సెక్కాను. ఆదివారం ఆ కట్టుతోనే పాఠానికి వెళ్లాను. ఆ పిల్ల నా చేతివంక చూసి, తల దించుకుని బైబిలు తెరిచింది. అడగవే తల్లీ అని మనసులో ఎంత బతిమాలినా పెదవి మెదపలేదు.

నోరు మూసుకోవడం నేర్పింది నేనే కదా.