అత్తమ్మకు రాసిచ్చిన చేదు

ఈమధ్య పెద్ద నగరాల్లో కుర్రాళ్లు చేదు బాగా ఎక్కువున్న బీరును ఏరికోరి తాగుతున్నారని, ఆ రుచి అలవాటు కావడానికి టైము పడుతుందని గొప్పగా చెప్పుకుంటున్నారని విన్నాను. నాకు నవ్వొచ్చింది. ఆ చేదు నాకు డెబ్బయిల్లోనే, నాందేడ్‌లో, తలుపు మూసిన గదిలో ఒంటబట్టింది. నాతో కూర్చుని నేర్చుకున్నది మా అత్తమ్మ. నేర్చుకోవాలని ఆమెకూ లేదు, నాకూ లేదు. ఆమె కిడ్నీలో రాయి పడింది, అంతే.

అత్తవారిది ఉమ్రి పక్కన పల్లె. మా ఆయనకు నాందేడ్ మిల్లులో పని దొరికితే ఇక్కడికొచ్చి ఒక వాడాలో గది తీసుకున్నాం. చుట్టూ గదులు, నడుమ అందరికీ ఒకే వాకిలి. పెళ్లయిన రెండో ఎండాకాలంలో మా బావగారు అత్తమ్మను రైల్లో తీసుకొచ్చి మా గదిలో దించి వెళ్లాడు. ఆమె నడుం పట్టుకుని వంగిపోయి ఉంది. డాక్టరు ఫోటో తీయించి చూసి, రాయి ఉందన్నాడు. నీళ్లు కడుపునిండా తాగాలి, సాయంత్రం ఇంత బీరు తాగినా మంచిదే, వానలు పడేదాకా చూద్దాం, అప్పటికీ పడిపోకపోతే కోయాల్సిందే అన్నాడు.

"నన్ను కోసుడు గిట్ల పెట్టుకోకుండ్రి. ఉన్న పేగులతోనే పోత," అంది అత్తమ్మ.

రాయి పడిపోయేదాకా ఇక్కడ ఉంచుదాం, పోయిన మర్నాడే రైలెక్కించి అన్న ఇంటికి పంపిద్దాం అన్నాడు మా ఆయన. ఉన్నది ఒకటే గది. నిజం చెప్పాలంటే ఆ మాట నా చెవుల్లో పాలు పోసినట్టుంది. అత్తమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మాట్లాడిన నాలుగు మాటలూ ఉప్పెక్కువైందనో, గిన్నె బోర్లించమనో ఉండేవి. ఆమె ముందు నేను తలెత్తి మాట్లాడింది లేదు. మొగుడి ముందూ అంతే.

అప్పట్లో బీరు కొనాలంటే పర్మిట్ ఉండాలి. మా ఆయన డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని అత్తమ్మ పేరున పర్మిట్ అడిగితే, అక్కడి గుమాస్తా పెన్ను ఆపి "ఆయీచ్యా నావానే?" అని రెండుసార్లు అడిగాడట. అమ్మ పేరు మీదనా అని. ఆ సంగతి చెప్తే అత్తమ్మకు అవమానమైంది. ఆమెకు తాగడం కొత్తేం కాదు. మా పల్లెల్లో ఆడవాళ్లు పొలం నుంచి వచ్చి ముంతెడు ఈతకల్లు తాగితే ఎవరూ ఏమనరు. సీసా సంగతి వేరు. సీసా అంటే మురుగు మోరీలో పడి ఇంటికొచ్చే మగవాళ్లది. అందుకే సాయంత్రం, మా ఆయన మిల్లు నుంచి రాకముందే, తలుపుకు గడియ పెట్టమంది. ఎండాకాలం, రేకుల కప్పు, మూసిన తలుపు. రాయి కన్నా ముందు మేం కరిగిపోతామనుకున్నాను.

మొదటిరోజు గ్లాసులో పోస్తే నురుగు పొంగింది. అత్తమ్మ కల్లు నురుగును ఊదినట్టు దాన్ని ఉఫ్ఫని ఊదేసింది. సగం నా చీర మీద పడింది. ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది.

"ఏంది పిల్లా గిది, నీ మొగడు యాపాకు పసరు తెచ్చిండా?"

"మందే కదా అత్తమ్మా, తాగాలె," అన్నాను.

"ఒక్కదాన్నే కూసుండి తాగ. ఒక్కదాన్నే తాగితే తాగుబోతునైత. తాగితే ఇద్దరం తాగుదం, లేకుంటే రాయి అట్లనే ఉండనీ."

అలా నా గ్లాసూ నిండింది. నాలుక మొత్తం ముడుచుకుపోయింది. మింగాక కూడా ఆ చేదు పోకుండా గొంతులో తిష్ఠ వేసింది. కాకరకాయ చేదుకు ఉప్పు, కారం, నూనె తోడుంటాయి. దీనికి ఎవరూ లేరు.

నాలుగైదు రోజులు ముక్కు మూసుకుని తాగాం. తర్వాత అత్తమ్మకు ఉపాయం తట్టింది. చేదుకు విరుగుడు బెల్లం. రోట్లో దంచిన పిడికెడు బెల్లం సీసా మూతిలోంచి వేసింది. ఒక్క క్షణం ఏం కాలేదు. తర్వాత సీసా బుస్సుమని మా ఇద్దరి మొహాల మీదికి లేచింది. అత్తమ్మ రెండు చేతులతో మూతి మూస్తే వేళ్ల సందుల్లోంచి చిమ్మింది. గోడ, పరుపు, జొన్నపిండి డబ్బా అన్నీ తడిసిపోయాయి. బయట పక్కగది మరాఠీ ఆవిడ "కాయ్ ఝాలా?" అని తలుపు కొట్టింది. ఏమైందని. అత్తమ్మ గడ్డం నుంచి బీరు కారుతుండగా, "కాయీ నాయ్, మాంజర్ ఆలీ," అంది పెద్దమనిషిలా. ఏం లేదు, పిల్లి వచ్చింది అని. నేను చెంగు నోట్లో కుక్కుకున్నా నవ్వు ఆగలేదు. ఆమె నా వైపు ఉరిమి చూసింది, చూస్తూ చూస్తూనే తనూ నవ్వింది. అత్తమ్మ నవ్వగా చూడటం నాకదే మొదలు.

బెల్లం బందైంది. ఆ తర్వాత సీసాను రాంజన్ అనే పెద్ద నీళ్లకుండ కింది తడి ఇసుకలో మధ్యాహ్నమే పూడ్చిపెట్టేదాన్ని. చల్లబడితే చేదు కాస్త బుద్ధిగా ఉండేది. అసలు సంగతి మాత్రం ఠేచాతో తెలిసింది. పచ్చిమిర్చి, ఎల్లిపాయ, పల్లీలు నూరి జొన్నరొట్టెతో పెట్టాను. ఆ రోజు మిర్చి మంట పుట్టించింది. నీళ్ల చెంబు అందక గ్లాసెత్తి గుటగుటా తాగేశాను. మంట చల్లారింది. చేదు నాలుక మీద పరుచుకుని నిలిచింది, అయితే ఈసారి అది నన్ను కొట్టలేదు. ఇంకో ముక్క రొట్టె, ఇంకో గుక్క కావాలనిపించింది. తలెత్తి చూస్తే అత్తమ్మ కూడా అదే పనిలో ఉంది.

"గుటుక్కున మింగకే. నోట్లె జరంత ఆపు. చేదు ఎనుక ఏదో పువ్వు వాసనున్నది చూడు," అంది.

ఆపి చూశాను. ఉంది. ఎండిన గడ్డిలో పూసిన పువ్వులాంటిది. బీరులో చేదుకోసం ఒక తీగ పువ్వు వేస్తారని చాలా ఏళ్ల తర్వాత ఎవరో చెప్తే, నాకు మా అత్తమ్మ నాలుక మీద గౌరవం ఇంకా పెరిగింది. కల్లు నోట్లో పోసుకుని ఇది ఏ గట్టు మీది చెట్టుదో చెప్పే మనిషి ఆమె. ఆ రోజు నుంచి నురుగు ఊదడం మానేసింది. వాసనంతా నురుగులోనే ఉందని ఆమే కనిపెట్టింది.

ఆమె ఎప్పుడూ మొదట నా గ్లాసే నింపేది. రెండూ పక్కపక్కన పెట్టి, వంగి చూసి, నాదానిలో తక్కువైతే తన దానిలోంచి వంచేది. ఎందుకలా అని ఒకరోజు ధైర్యం చేసి అడిగాను.

"మా అత్త ముంత తాగినంక అడుగున ఉన్న మడ్డి నాకిచ్చేది. పన్నెండేండ్ల పిల్లనై అచ్చిన ఆ ఇంటికి. ముసల్ది సచ్చేదాక మడ్డే తాగిన. పై కల్లు ఎట్లుంటదో నాకు ఎర్కనే లేకుండె," అంది.

తనకు జరిగిందే నాకూ చేస్తే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. ఆమె చెయ్యలేదు. ఎంతమంది అలా ఉండగలరు? ఆ తర్వాత ఆమె ఉప్పెక్కువైందన్నా నాకు కోపం రాలేదు, తక్కువేశాను.

వానలు దగ్గరపడుతున్నాయి. నొప్పొచ్చి ఆమె గోడకు తల ఆనించినప్పుడు, దేవుడా ఈ రాయి పోవాలె అనుకునేదాన్ని. పోతే రైలే కదా అని వెంటనే గుర్తొచ్చేది. ఆమె పోతే సాయంత్రం ఆ గదిలో నేనొక్కదాన్నే. మొక్కుకోవడానికి కూడా భయమేసింది.

ఒక మధ్యాహ్నం ఆమె బయటికెళ్లి వచ్చి నా ముందు అరచెయ్యి చాచింది. జొన్నగింజంత ఉంది రాయి, ముళ్లముళ్లగా. నీళ్లకు పోయిందో బీరుకు పోయిందో ఆ డాక్టరుకే తెలియదు. ఇద్దరం కాసేపు దాన్నే చూశాం. కోత తప్పిందని నేను ఆమె చేతులు పట్టుకున్నాను. ఆమె నవ్వి, నా తల నిమిరి, దండెం మీది చీరలు తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది. ఉంటానని నోరు తెరిచి అడిగే మనిషి కాదు. మడతలన్నీ అయ్యాక మూట కట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

చీకటి పడ్డాక మా ఆయన మిల్లు నుంచి, ఎప్పటిలాగే మర్నాటికని పేపర్లో చుట్టిన సీసాతో వచ్చాడు. మూట చూశాడు.

"రాయి పోయిందా అవ్వా? మంచిగైంది. రేపు పొద్దుగాల బండికి పోదాం. అన్న విత్తనాలు ఏసుటానికి నీకోసం ఎదురుచూస్తుండు."

"పోత తియ్," అంది ఆమె.

"అత్తమ్మ పోదు," అన్నాను నేను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మా ఆయన సీసా చేతిలో పట్టుకునే నిలబడిపోయాడు.

"రాయి పోయింది గద?"

"రాయి పోయింది. నాకు అత్తమ్మ కావాలె."

రాంజన్ పట్టుకుని నిలబడ్డాను. అత్తమ్మ నన్ను చూడలేదు, కొడుకునూ చూడలేదు. మూట దగ్గరికి లాక్కుని, ముడి విప్పుతూ అంది.

"విత్తనాలకు పెద్దోడున్నడు తియ్."