కాదని రాసివ్వని ఆఫీసు

ఈ రోజు ఉదయం పదకొండున్నరకు షోలాపూర్ వివాహ నమోదు ఆఫీసు నర్సవ్వ, రాజవ్వల పెళ్లి దరఖాస్తును తిప్పి ఇచ్చేసింది. కారణం రాసివ్వలేదు. ఆ కాగితం లేనిదే కోర్టులో సవాలు చేయడం కష్టమని వాళ్ల వకీలు అంటున్నారు.

ఇద్దరూ బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో బీడీలు చుడతారు. పదమూడేళ్లుగా ఒకే ఇంట్లో కాపురం. ఇల్లు నర్సవ్వ పేరు మీద ఉంది. తను పోతే తమ్ముళ్లు రాజవ్వను వెళ్లగొడతారని ఆమె భయం.

"అసా కాయదా నాహీ, బాయీ," అన్నాడు గుమాస్తా మరాఠీలో, అలాంటి చట్టం లేదని.

"కాయదా లేదనే రాసియ్యుండ్రి సాబ్," అంది నర్సవ్వ. "మా కార్ఖానల బీడీ తీసిపారేస్తే ఆకు చినిగిందా, వదులైందా చెప్తరు. మమ్మల్ని ఎందుకు తీసేసిండ్రో మీరు చెప్పుండ్రి."

"ఇద్దరు ఆడోళ్లమని రాయనీకి గింత సిగ్గెందుకు సాబ్?" అంది రాజవ్వ.

ఆయన కిటికీ మూసేశాడు. భోజనానికి ఇంకా గంటన్నర టైముంది.

ఈ శీర్షికలో నేను రాసిన ప్రతి కేసూ ఏదో ఒక కాగితంతోనే మొదలైంది. కాదనడానికి కూడా సంతకం పెట్టని ఆఫీసు మీకు తగిలిందా? తగిలితే ఏం చేశారో చెప్పండి.

సోమవారం అదే దరఖాస్తు రిజిస్టర్డ్ పోస్టులో వెళుతుంది. అందినట్టు ఆఫీసు సంతకం మాత్రం పెట్టక తప్పదు.