దేవుని ముందు పెట్టని పానా

మా చిన్నప్పుడు... వాకిట్లో జీపు కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనిపిస్తున్నాయంటే మా బాపు ఇంట్లోనే ఉన్నట్టు లెక్క!

మాది మాక్లూర్ దగ్గర పల్లె. పసుపు, వరి, కొంచెం చెరుకు. డెబ్బైల్లో బాపు ఒక పాత జీపు కొని దానికి డీజిల్ ఇంజిన్ బిగించుకున్నాడు. చెరుకు రోజుల్లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి, మిగతా రోజుల్లో నిజామాబాద్‌కి... ఆయన కాలు ఒకచోట నిలిచేది కాదు. బండిని మాత్రం ఏ మిస్త్రీ చేతికీ ఇచ్చేవాడు కాదు. "మన ఎడ్లకు మనమే గదా నీళ్లు తాపేది?" అనేవాడు.

ఇంజిన్‌ను కాసేపు నడిపి, ఆయిల్ వేడెక్కాక కింది బోల్టు విప్పేవాడు. నల్లటి ఆయిల్ పాత డబ్బాలోకి కారేది. రెండు వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, "ఇగ దీని పనైపోయింది" అని తేల్చేవాడు. దాన్ని కూడా పారబోసేది లేదు... చెదలు పట్టకుండా దర్వాజలకు పూసేవాళ్లం. అవ్వ, అంటే మా అమ్మ, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వారమంతా తిడుతూనే ఉండేది.

నా పని డీజిల్ ఫిల్టర్ కడిగాక మొదలయ్యేది. ఫిల్టర్ విప్పితే గొట్టాల్లోకి గాలి చేరుతుంది. గాలి చేరితే బండి నడవదు. బాపు పానాతో ఒక చిన్న నట్టు వదులు చేస్తే, నేను ఇంజిన్ పక్కనున్న చేతిపంపు కొట్టాలి. మొదట నురగ, బుడగలు... ఆ తర్వాత డీజిల్ సాఫీగా వస్తే నట్టు బిగించడమే. ఆ ఇరుకు సందులో నా చెయ్యి పట్టేది, అన్న చెయ్యి పట్టేది కాదు. ఆడపిల్లనైనా ఆ పని నాదే అని నాకు ఎంత పొగరో!

ఒక ఏడు దసరాకి అక్క తొలి కాన్పుకి వచ్చి ఇంట్లో ఉంది. ఎప్పుడు ఏ అవసరం వస్తుందోనని పండగ ముందురోజు బాపు బండి పని పెట్టుకున్నాడు. ఆయిల్ మార్చాడు. ఫిల్టర్ కడిగి బిగించాడు. ఇక గాలి తీయడమే మిగిలింది... అంతలో అవ్వ వచ్చి నిలబడింది.

మా దగ్గర దసరా ముందురోజు పనిముట్లన్నీ కడిగి దేవుని ముందు పెడతారు. ఒకసారి పెట్టారంటే మర్నాడు సాయంత్రం జమ్మి ఇంటికి వచ్చేదాకా ఎవరూ ముట్టకూడదు. కొడవలైనా, గొడ్డలైనా, పానా అయినా అంతే.

"ఇగ సాలు, పానాలియ్యి. పూజకు యాళ్లయితున్నది."

"గాలి తీసుడు ఉన్నదే ఇంక!"

"దసరనాడు బండెక్కి యాడికి వోతవు? పిల్లకింక వారం ఉన్నదని మంత్రసాని జెప్పనే జెప్పింది."

అవ్వతో వాదించి గెలిచినవాడు మా ఇంట్లో లేడు. పానాలన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి దేవుని ముందు వరసగా పేర్చింది. జీపుకు బంతిపూల దండ వేసింది.

తెల్లారి... అక్కకు నొప్పులు మొదలయ్యాయి.

మంత్రసాని లోపలి నుంచి ముఖం వేలాడేసుకుని వచ్చింది. "బిడ్డ అడ్డం తిరిగింది. నాతోని గాదు. పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి" అంది.

బాపు పరుగున జీపెక్కాడు. బండి కాస్త దగ్గి ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు. ఈసారి ఆ దగ్గు కూడా లేదు. దిగి, ఆ చిన్న నట్టును వేళ్లతో తిప్పబోయాడు. ఇనుము కదులుతుందా... వేలి తోలు లేచింది. అన్న పక్కిళ్లకు ఉరికి ఉత్తచేతులతో తిరిగి వచ్చాడు. ఊళ్లో ఎవరి పానా చూసినా దేవుని ముందే ఉంది! బస్సు సాయంత్రానికి గానీ లేదు. "ఎడ్లబండి మీద వొయ్యేసరికి..." అని బాపు మాట మింగేశాడు.

లోపల అక్క అరుపు. వాకిట్లో కాలు కాలిన పిల్లిలా బాపు. దేవుని అర్ర గడప దాకా పోతాడు, అవ్వ ముఖం చూస్తాడు, వెనక్కి వస్తాడు. నాకైతే ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. చెయ్యి ఊరికే పంపు కొట్టినట్టు ఆడుతోంది...

అక్క ఇంకోసారి "అవ్వా" అని అరిచింది. అంతే, అవ్వ గిరుక్కున దేవుని అర్రలోకి పోయింది. కుంకుమ అంటిన పానా తెచ్చి బాపు చేతిలో కొట్టినట్టు పెట్టింది.

"సూస్కుంట నిలవడ్డవేంది? బిడ్డకంటె పానా ఎక్కువనా నీకు? ఎవలన్న వద్దన్నరా నిన్ను?"

బాపు ఇంజిన్ మీదికి వంగాడు. నట్టు వదులు చేశాడు. నేను పంపు కొట్టాను... నురగ, మళ్లీ నురగ... భుజం లాగేస్తోంది. "కొట్టు బిడ్డా, ఆపకు!" చివరికి డీజిల్ సన్నటి ధారగా సాఫీగా వచ్చింది. నట్టు బిగించాడు. బండి గర్జించింది. బంతిపూల దండతోనే అక్కను ఎక్కించుకుని దుమ్ము లేపుకుంటూ పోయాం.

నిజామాబాద్‌లో తల్లీ పిల్లా దక్కారు. ఆడపిల్ల. బాపు దాన్ని చాలా ఏళ్లు "డీజిల్ దొరసాని" అనే పిలిచాడు.

ఆ తర్వాత ప్రతి దసరాకీ అవ్వ పనిముట్లన్నీ దేవుని ముందు పెట్టేది... ఆ ఒక్క పానా తప్ప. ఎందుకని అడిగితే, "దాని పూజ బండిలనే" అనేది. తను మాట మార్చుకున్నానని మాత్రం ఒక్కనాడూ ఒప్పుకోలేదు!

ఇప్పుడు నా కారుకు ఆయిల్ ఎప్పుడు మారుస్తారో నాకే తెలియదు. ఫోన్ చేస్తే ఎవరో వచ్చి తీసుకుపోతారు, కడిగి తెచ్చి పెడతారు. దసరాకు దేవుని ముందు పెట్టడానికి నా దగ్గర తాళం తప్ప ఏమీ లేదు. మీ ఇళ్లల్లో ఏం పెట్టేవాళ్లు? ఇప్పుడేం పెడుతున్నారు? చెప్పండి, వినాలని ఉంది.

ఆ పానా మాత్రం నా కారులోనే ఉంది. అది పట్టే నట్టు ఈ బండిలో ఒక్కటీ లేదు... అయినా దసరానాడు దాన్ని దేవుని ముందు పెట్టను. అవ్వ ఊరుకోదు.