నిలబడి తిన్న జావ

ఓట్స్ ఉడికే వాసన వస్తే నాకిప్పటికీ కాళ్లు లాగుతాయి. ఎనభైల మొదట్లో, జెర్సీ సిటీలో, అమ్మ డ్యూటీకి వెళ్తూ నన్ను పక్కింటి స్కాట్లాండ్ పెద్దావిడ దగ్గర దింపేది. “మా దేశంలో పిల్లలు ఇదే తింటారు” అంటూ ఆవిడ ఉప్పు వేసిన ఓట్స్ జావ గిన్నె చేతికిచ్చేది. కూర్చోబోతే వద్దనేది. నేనేదో తప్పు చేశాననుకునేదాన్ని.

ఓ రోజు మర్చిపోయిన గొడుగు కోసం వెనక్కొచ్చిన అమ్మ, గుమ్మంలోంచి నన్ను చూసింది.

“చెయిర్స్ ఖాళీగానే ఉన్నాయి కదండీ! మన పిల్ల కూర్చుంటే మాసిపోతాయా?” అని ఆ సాయంత్రం నాన్న దగ్గర ఏడ్చింది. మర్నాటి నుంచి నన్ను పంపలేదు. ఆవిడ వచ్చి తలుపు తట్టినా తీయలేదు.

జావ నిలబడి తినడం స్కాట్లాండ్‌లో పాత ఆచారమని చాలా ఏళ్లకు ఆఫీసులో ఎవరో చెప్పారు. అప్పుడు గుర్తొచ్చింది. స్టవ్ పక్కన ఆవిడ చేతిలోనూ గిన్నె ఉండేది. ఆవిడా నిలబడే తినేది.