బావగారి ఈగ

నిన్న ఉదయం విజయవాడలో మా భోజనాల బల్ల మీది అరటిపండ్ల చుట్టూ చిన్న ఈగలు ముసురుతుంటే తోలబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. 2009లో, సన్నీవేల్‌లోని మా అమ్మాయి అపార్ట్‌మెంట్‌లో, దాదాపు ఇలాంటి ఈగలే ఉన్న ఒక సీసాను నా నల్ల శాలువాలో చుట్టి, శీతాకాలపు కోట్లు వేలాడదీసే చీకటి అరలో, ఖాళీ సూట్‌కేసుల వెనక దాచాను. దాచి మర్చిపోయాను. ఒకటీ రెండూ కాదు, పదహారు రోజులు. ఆ సీసా నాది కాదు, మా వియ్యంకుడిది.

మనవరాలు పుట్టిందని రెండు వైపుల పెద్దవాళ్లమూ ఆ ఏడు ఒకేసారి అమెరికా చేరాం. బాలింత పథ్యాలు, పసిపిల్ల స్నానాలు, మధ్యలో ఒకరి పద్ధతిని ఒకరు మెత్తగా సరిదిద్దడాలు, వీటితో మా ఆవిడకూ వియ్యపురాలికీ క్షణం తీరేది కాదు. మగవాళ్లిద్దరికీ తీరిక తప్ప మరేమీ లేదు. ఒకరినొకరం ‘బావగారూ’ అని పిలుచుకుంటూ, ఉన్న ఒక్క సోఫాలో మీరు కూర్చోండంటే మీరు కూర్చోండనుకుంటూ, చివరికి ఇద్దరమూ నిలబడే ఉండేవాళ్లం. నేను ముప్పై ఏళ్లు దినపత్రిక డెస్క్‌లో గడిపినవాణ్ణి. ఆయన వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పురుగుల్ని గుర్తించే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. రైతులు అగ్గిపెట్టెల్లో, కాగితం పొట్లాల్లో పట్టుకొచ్చిన పురుగు ఏ జాతిదో తేల్చేది ఈయన. జవాబు మాత్రం పై అధికారి పేరు మీద వెళ్లేది. ఆ సంగతి ఆయన ఫిర్యాదుగా చెప్పలేదు. ఒక సాయంత్రం నడుస్తూ, మ్యూజియంలో ప్రతి పురుగు కిందా దాన్ని గుర్తించిన మనిషి పేరుతో చిన్న చీటీ గుచ్చుతారని వివరించి, “ఒక్క చీటీ మీదైనా మన పేరుంటే బాగుండేదండీ” అన్నారు, అంతే.

ఆ తర్వాత కొద్ది రోజులకే, అపార్ట్‌మెంట్ల వెనక నారింజ చెట్టు కింద, కుళ్లిన పండ్ల మీద ఆయనకు ఆ ఈగలు కనబడ్డాయి. మామూలు వాటికంటే కాస్త నల్లగా ఉన్నాయన్నారు. నా కంటికి అన్నీ ఒకటే. ఆయన గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని, జేబులోంచి భూతద్దం తీసి చాలాసేపు చూసి, ఇది యూరప్ ఈగలా ఉందన్నారు. కొన్ని దశాబ్దాల కిందట ఆ జాతి అమెరికా పడమటి తీరానికి వచ్చిపడిందని ఎప్పుడో చదివారట. చిక్కేమిటంటే దానికి అమెరికాలోనే పుట్టిపెరిగిన దాయాది ఒకటుంది. పక్కపక్కన పెట్టినా తేడా తెలియదు. మగ ఈగ ముందుకాళ్ల మీద దువ్వెనల్లాంటి నల్లటి వరసలుంటాయి. యూరప్ దానికి ఆ దువ్వెన పళ్లు ఎక్కువ. భూతద్దంలో దువ్వెన కనబడుతుంది గానీ పళ్లు లెక్కకు అందవు. దగ్గర్లోని యూనివర్సిటీలో ఇలాంటి ఈగల మీదే పనిచేసే ప్రొఫెసర్ ఉన్నాడు, మెయిల్ పెట్టమని అల్లుడు చెప్పాడు. బావగారు ఒప్పుకోలేదు. వట్టి అనుమానం చేతబట్టుకుని ఒకరి గుమ్మం ఎక్కడం ఆయనవల్ల కాదు. ధ్రువపడని వార్త వేయకూడదన్న నియమంతో బతికినవాణ్ణి కనుక నేనూ బలవంతపెట్టలేదు.

ఆయన వాటిని పెంచడం మొదలుపెట్టారు. బొంబాయి రవ్వ, బెల్లం, చైనాగ్రాస్ కలిపి ఉడికించి, ఖాళీ జామ్ సీసాలో పోసి, చిటికెడు యీస్ట్ చల్లి, ఈగల్ని వదిలి దూది బిరడా పెట్టారు. మొదటి రోజు ఆ వాసనకు కేసరి అనుకుని నేను చెంచాతో సహా వంటింట్లోకి వెళ్లాను. గుడ్లు పురుగులై, పురుగులు గోధుమరంగు గూళ్లు కట్టుకున్నాక, ఆ గూళ్లను తడి దూదిపుల్లతో ఒక్కొక్కటే తీసి సగం సగంగా రెండు కొత్త సీసాల్లో సర్దారు. ఒకటి బాల్కనీలో, ఒకటి వంటింటి కిటికీలో పెట్టారు.

అంతలో బారసాల వచ్చింది. ముందురోజు అమ్మాయి నన్ను పక్కకు పిలిచింది. “నాన్నా, మామయ్యగారికి నేను చెప్పలేను, నువ్వే చెప్పు. రేపు నలభై మంది వస్తున్నారు. కిచెన్‌లో ఈగల్ని పెంచుతున్నామంటే ఎవరైనా ప్లేట్ ముట్టుకుంటారా?” ఆడపిల్ల తండ్రిని, నేను మాత్రం ఎలా చెప్తాను? ఎవరికీ చెప్పకుండా కిటికీలో సీసా తీసి శాలువాలో చుట్టేశాను. మర్నాడు వచ్చినవాళ్లూ భోజనాలూ, ఆపైన పిల్లకు జలుబు. సీసా నా బుర్రలోంచి పూర్తిగా జారిపోయింది. బావగారు ఒక్కమాట అడగలేదు. నడకలో మాత్రం భూతద్దం తేవడం మానేశారు. ఇంటి మీద బెంగ కాబోలు అనుకున్నాను.

తిరుగు ప్రయాణం ఇంకా పది రోజులుందనగా, సర్దుకుందామని సూట్‌కేస్ లాగితే శాలువా మూట దొర్లింది. సీసా పట్టుకుని బాల్కనీలోకి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన ముందు సీసా వైపు చూడనేలేదు.

“అయితే అమ్మాయి పారేయలేదన్నమాట.”

“అయ్యో, నేను దాచిన సంగతే దానికి తెలియదండీ.”

“ఇన్నాళ్లూ తనే పారేసిందనుకున్నాను. అడిగితే మీ అందరి ముందూ చిన్నబుచ్చుకుంటుందని ఊరుకున్నానండీ.”

అప్పుడు సీసా వెలుతురుకేసి ఎత్తారు. ఈగలన్నీ గూళ్లలోంచి బయటికొచ్చి బతికే ఉన్నాయి. రవ్వ మీద ఒక్క పురుగు లేదు. బాల్కనీ సీసా తెచ్చి పక్కన పెట్టారు. దాని నిండా పురుగులు లుకలుకలాడుతున్నాయి. రెంటినీ మార్చి మార్చి చూశారు.

“పూర్తిగా చీకట్లోనే ఉందా బావగారూ?”

“శాలువా నాలుగు మడతలు చుట్టాను. క్షమించాలి.”

“క్షమించడమేమిటండీ. చదువుకునే రోజుల్లో చదివి మర్చేపోయాను. ఈ యూరప్ ఈగల్లో ఆడది మగవాడి నాట్యం కళ్లారా చూడందే ఒప్పుకోదు. పెళ్లిచూపులు లేనిదే సంబంధం లేదు. ఇక్కడి దాయాదికి ఆ పట్టింపు లేదు, చీకట్లోనూ కాపురం పెట్టేస్తుంది. నేను చేయాల్సిన పరీక్ష మీరు చేసిపెట్టారు.”

ఆ రోజే ప్రొఫెసర్‌కు మెయిల్ వెళ్లింది. వారంలోపే అల్లుడు మమ్మల్ని కార్‌లో తీసుకెళ్లాడు. ప్రొఫెసర్ మైక్రోస్కోప్ కింద దువ్వెన పళ్లు లెక్కపెట్టి, యూరప్‌దేనని తేల్చాడు. కొత్త జాతేమీ కాదు, పత్రికలో నాలుగు లైన్లకు కూడా రాని సంగతి. అయినా ఒక మగ ఈగను సూదికి ఎక్కించి, బావగారి పేరు అక్షరం అక్షరం అడిగి గోరంత చీటీ మీద అచ్చువేసి కింద గుచ్చాడు. బావగారు కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదువుకున్నారు. నాకు మాత్రం నోరు విప్పకుండా ఆయన గడిపిన ఆ పదహారు రోజులే గుర్తొచ్చాయి. మా అమ్మాయి ఎలాంటి ఇంట్లో అడుగుపెట్టిందో నాకు తెలిసింది ఆ రోజుల వల్లే. అందుకు ఆయనకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియక, కార్‌లో ముందు సీటు ఆయనకిచ్చాను. ఎప్పట్లా మొహమాటపడకుండా కూర్చున్నారు.

చీటీ మీద దొరికిన చోటు, తేదీ, గుర్తించినవారి పేరు ఉన్నాయి. అంత చిన్న ప్రాణి అంత సముద్రం దాటి ఎలా వచ్చిందని ఆ రోజు బావగారు అడిగితే, తెలియదన్నాడు ప్రొఫెసర్. నిన్న బావగారికి ఫోన్ చేసినప్పుడు నేను మళ్లీ అదే అడిగాను. ఇన్నేళ్లు గడిచాయి గానీ, ఏ ఓడలో, ఏ పండులో, ఏ రేవులో దిగిందో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదట.