గవర్రాజు కొట్టని కొబ్బరికాయ

దసరాకి మా ఓడరేవులో క్రేన్లకు పూజ చేస్తారు. బంతిపూల దండ వేసి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచుతారు. కొబ్బరికాయ మాత్రం ఆ క్రేను నడిపేవాడే కొట్టాలి. ఎంత పెద్ద ఇంజనీరైనా పక్కన నిలబడి చూడాల్సిందే. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నా క్రేనుకి నేనే కొట్టాను. వేరేవాణ్ణి ముట్టుకోనిచ్చానా!

ఆ రోజులే వేరు. రాజోలు నుంచి రేకుపెట్టెతో దిగినవాణ్ణి నేను. పర్మినెంటు ఆర్డరు వచ్చిన రోజు మా ఆవిడ సూర్యకాంతమ్మ క్వార్టర్స్ వరసంతటికీ సున్నుండలు పంచింది. బొగ్గు మసితో ఇంటికొస్తే గుమ్మంలోనే నిలబెట్టి తిట్టేది. ఆ తిట్లు తలుచుకున్నా ఇప్పుడు ముచ్చటేస్తుంది.

నేను రిటైరయ్యే ముందు నా దగ్గర పని నేర్చుకున్నవాడు గవర్రాజు. తగరపువలస మనిషి. వాగుడుకాయ. క్రేను లీవరు మీద చెయ్యి పడితే మాత్రం నోరు మూతపడేది. ఎంత బరువైనా చప్పుడు లేకుండా దించేవాడు. నా తరవాత వీడేనని మురిసిపోయాను. నా సీటు వాడికొచ్చింది గాని, నా ఉద్యోగం రాలేదు. సంస్కరణలట! పర్మినెంటు మాటే ఎత్తేసి, కాంట్రాక్టరు కింద పెట్టారు. కొన్ని నెలలకోసారి గేటు పాసు. పొడిగిస్తే పని, లేకపోతే ఇల్లు. ఏ క్రేనూ ఎవడూ తనదనుకోకూడదని మనుషుల్ని అటూ ఇటూ మారుస్తుంటారు. అయినా నా పాత క్రేను మీద ఎక్కువగా కనిపించేది గవర్రాజే.

పెళ్ళి చేసుకున్నాడు. శ్రీసత్య అని పాప పుట్టింది. ఆనందపురంలో అద్దెకుంటున్నాడు. "పాసు ఉన్నన్నాళ్ళే మా సంసారం గురూగారూ" అని నవ్వేవాడు. నాకు నవ్వు రాకపోగా ఒళ్ళు మండేది.

మొన్న దసరా పూజకి మా పాతవాళ్ళనీ పిలిచారు. హారతి అయ్యాక, "ఈ క్రేను ఎవరిదయ్యా?" అని పంతులుగారు అడిగారు. ఒక్కడూ కదల్లేదు. నేను కొబ్బరికాయ తీసి గవర్రాజు చేతిలో పెట్టబోయాను. వాడు కాంట్రాక్టరు మనిషి వైపు చూసి, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"వద్దు గురూగారూ," అన్నాడు మెల్లగా. "నాను కొడితే క్రేను నాదంతన్నాననుకుంతారు. నెలాకరికి నా పాసు అయిపోతాది. ఇంట్లో పాప ఉంది."

"రోజూ నడిపేది నువ్వు. నువ్వు కాకపోతే ఎవడు కొడతాడురా?"

"మీరే కొట్టీయండి. మీదే కదా."

కొట్టాను. కాయ సమంగా పగిలింది. శుభమన్నారు అందరూ. నాకు మాత్రం వేరేవాడి పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టు సిగ్గేసింది.

నెలాఖరుకి వాడి పాసు పొడిగించలేదు. ఎందుకని అడిగితే, చెప్పక్కర్లేదన్నారట.

నిన్న మా ఇంటికొచ్చాడు. సూర్యకాంతమ్మ టీ ఇచ్చింది. తాగి గ్లాసు కింద పెట్టాడు.

"ఎలాగూ తీసేత్తారని తెలిస్తే," అన్నాడు, "ఆ కాయ నానే కొట్టీసేవోణ్ణి గురూగారూ."